ఆరో రాయి దొంగ

"ఎక్కరా వ్యాను! ఆదోని స్టేషన్లో సెప్పుకుందువు గానీ!"

దేవేంద్రప్ప మాస్టారి అరుపుకు రైతు ఉరుకుందప్ప చేతులు జోడించాడు. విత్తే గొర్రు కట్టిన ఎద్దులు చేలో నిలబడి ఉన్నాయి. నిన్ననే మృగశిర వాన పడింది. ఈ పూట విత్తకపోతే పదును ఆరిపోతుంది, ఏడాది గింజలు పోయినట్టే.

"నేను తీయలేదు సామీ. ఆ రాయి మా తాతల కాలం నుంచి ఈ గట్టు మిందే ఉండె."

"మరి ఇప్పుడు యాడుంది? గుంతలో వాన నీళ్లు సుక్క లేవు. అంటే వాన నిలిచినాకే పెరికినారు. పొద్దున గుంత పక్కన ఉండింది నువ్వే!"

ఆదోని కోట నుంచి ఎమ్మిగనూరుకు పూర్వం సైన్యాలు నడిచిన దారిని కనిపెట్టాలని ఈ చరిత్ర మాస్టారి పంతం. పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిది వేసవి సెలవుల్లో ఓ పాత వ్యానులో మంచం, స్టవ్వు, నీళ్ల డ్రమ్ము బిగించి, వంటకు భార్య సంతోషమ్మను, నడపడానికి ఉస్మాన్ సాబ్‌ను వెంటబెట్టుకుని బయలుదేరాడు. దారిలో అక్షరాలు చెక్కిన గుర్తురాళ్లు అయిదు దొరికాయి. ఆరోది ఉండాల్సిన చోట గుంత దొరికింది.

"చరిత్ర విలువ మీకేం తెలుసురా! ఉస్మాన్, పోనీ స్టేషన్‌కి!"

హ్యాండ్ బ్రేకు పని చేయని బండి అది. ఉస్మాన్ సాబ్ దిగి, వెనక చక్రం కింద అడ్డం పెట్టిన రాయిని లాగాడు. బురద రాలింది. బురద కింద అక్షరాలు.

"ఇదే! ఆరో రాయి! ఎవడు పెట్టినాడు ఈడ?"

ఉస్మాన్ సాబ్ ఆకాశం వైపు చూశాడు. సంతోషమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"నిన్న వాన నిలిచినాక బండి ఎనక్కి జారె గదా. ఉస్మాన్ సాబు బ్రేకు తొక్కి పట్టుకోనుండె. ఒకాయన మసక సీకట్లో దిగి ఉరికి, ఏ రాయో సూడకుండా గట్టు మింద రాయి పెరికి సక్రం కింద తోసె. కిటికీలోంచి సూస్తి."

మాస్టారు జేబులోంచి పెన్ను తీశాడు.

"ఎవరే? పేరు సెప్పు, కంప్లైంటులో రాయల్ల!"

పెళ్లయి ఇరవై రెండేళ్లు. గుళ్లో అర్చనకైనా ఆ పేరు పక్కింటావిడ చేత చెప్పించేదే గానీ, సంతోషమ్మ నోటితో ఒక్కసారి పలికింది లేదు. ఆమె ఒకసారి ఎద్దుల వైపు చూసింది, ఒకసారి ఆరుతున్న నేల వైపు చూసింది.

"రాసుకోండి. దేవేంద్రప్ప."