పేరు పక్కన లేట్

మా ప్రెస్సులో రోజు మొత్తం మీద ఎక్కువగా వినపడే మాట 'లేట్'. కాగితం లేట్, కరెంటు లేట్, కార్డులు తీసుకెళ్ళాల్సినవాళ్ళు లేట్. మా బావ పదకొండింటికి తాళాలు ఊపుకుంటూ వచ్చి, పదింటి నుంచీ మెట్ల మీద కూర్చున్న నన్ను చూసి "ఏంటి మరదలా, లేటయిందా?" అంటాడు. ఒళ్ళు మండిపోతుంది. కానీ ప్రెస్సు ఆయనది, కంప్యూటరు ముందు కూర్చుని అక్షరాలు కొట్టేదాన్ని నేను. నోరు మూసుకుని లోపలికి నడుస్తాను.

అదే మాట పెళ్ళి కార్డులో ఒక పేరు ముందు చేరితే ఆ మనిషి లేడని అర్థం. ఒకప్పుడు 'కీర్తిశేషులు' అని వేసేవాళ్ళం. అది మరీ బరువుగా ఉందంటున్నారు ఇప్పుడు. పైగా సగం లైను తినేస్తుంది. 'లేట్' అయితే రెండే అక్షరాలు. బస్సుకీ అదే, ప్రాణానికీ అదే. పద్నాలుగేళ్ళుగా చేస్తున్న పని, ఏది ఎక్కడ ఎలా వాడతారో నాకు తెలియదా అని కాస్త పొగరు కూడా ఉండేది నాకు.

ఒక నర్సు అమ్మాయి సోమవారం వచ్చింది. డ్యూటీ దిగి సరాసరి వచ్చినట్టుంది, కూర్చోమన్నా కూర్చోలేదు. పెళ్ళికూతురు తనే. వెంట ఎవరూ లేరు. నిలబడే ఫారం నింపింది. తల్లి పేరు గబగబా రాసింది. తండ్రి పేరు దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆగిపోయింది. కాసేపటికి పేరు రాసి, పక్కన చిన్నగా 'లేట్' అని రాసింది.

"గురువారం ప్రూఫ్ చూపిస్తారా అక్కా?"

"చూపిస్తాను తల్లీ."

ఆ 'లేట్' ఏమిటని అడగొచ్చుగా నేను! అడగలేదు. పెళ్ళి పెట్టుకున్న పిల్లని మీ నాన్న పోయారా అని ఏ నోటితో అడుగుతాం? అయ్యో పాపం అనుకుంటూ తండ్రి పేరు ముందు 'లేట్' పెట్టేశాను.

గురువారం మధ్యాహ్నం ఒకాయన వచ్చాడు. అరవైకి దగ్గర పడి ఉంటాడు. జేబు మీద లిఫ్టుల కంపెనీ గుర్తున్న చొక్కా, మడత నలగకుండా ఇస్త్రీ చేసి ఉంది. గుమ్మంలోనే తచ్చాడుతుంటే నేనే లోపలికి పిలిచాను.

"నర్సు అమ్మాయి పెళ్ళి కార్డు ఇక్కడేనా అమ్మా? ఒకసారి చూడొచ్చా?"

"బంధువులా?"

"ఆ... అలాంటిదే."

ప్రూఫ్ ఆయన చేతికిచ్చి నా వాగుడు నేను మొదలుపెట్టాను. "బంగారంలాంటి పిల్లండీ. తండ్రి లేడు పాపం. అన్నీ ఒక్కతే చూసుకుంటోంది."

నాలుగు వాక్యాల కార్డు చదవడం ఆయనకి ఎంతకీ అవలేదు.

"ఇలా వెయ్యమని ఆ అమ్మాయే చెప్పిందా?"

"చెప్పడమేంటండీ, రాసిచ్చింది!" తప్పు నాదంటాడేమోనని ఫారం తీసి ముందు పెట్టాను. ఊరికే మాట పడే రకాన్ని కాదు కదా నేను.

ఆయన ఆ రెండక్షరాల మీద వేలు ఆనించాడు. "దాని రాతే" అన్నాడు నెమ్మదిగా. తర్వాత కార్డు బల్ల మీద పెట్టి, "బాగుందమ్మా. అలాగే ఉంచండి" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

'దాని' అంటాడేమిటి ఈయన అనుకుంటూ ఉండగానే ఫోను మోగింది. నర్సు అమ్మాయి.

"అక్కా, నాన్న వచ్చారా?"

"ఏ నాన్న?"

"మా నాన్నే. అమ్మా ఆయనా విడిపోయాక ఎనిమిదేళ్ళుగా మాకు మాటల్లేవు. కార్డులో పేరు వెయ్యడం ఇష్టమైతే గురువారంలోగా ప్రెస్సుకెళ్ళి చెప్పమని మెసేజ్ పెట్టాను. వద్దని నాతోనే అంటే తట్టుకోలేను అక్కా. అందుకే ఫారంలో ఆయన పేరు పక్కన, సంగతి తర్వాత తేలుతుందని లేట్ అని రాశాను కదా."

"లైన్లో ఉండు తల్లీ" అని ఫోను పట్టుకుని ఒకటే పరుగు. కాళ్ళకి చెప్పులు కూడా లేవు. "ఎక్కడికే, మిషన్ తిరుగుతోంది!" అని వెనక నుంచి బావ అరుస్తున్నాడు. తిరగనీ.

బస్టాపులో ఆయన అప్పటికే బస్సు మెట్టు మీద కాలు పెట్టాడు.

"ఏవండీ! లిఫ్టు మేస్త్రిగారూ! దిగండి! ఆ లేట్ వేరు, ఈ లేట్ వేరు! మీరు పోలేదండీ!"

బస్సు మొత్తం నావైపు తిరిగింది. "పోయారో లేదో తేల్చుకుని ఎక్కండి సార్" అన్నాడు కండక్టరు. ఆయన దిగాడు. బస్సు వెళ్ళిపోయింది.

"మీరు చెప్పడం లేటవుతుందని రాసిందండీ పిల్ల. దాన్ని ఇలా తగలేసింది నేను. తిడితే నన్ను తిట్టండి. మీ పేరు కోసం నాలుగు రోజులుగా కాచుకుని కూర్చుంది." చెప్తూ చెప్తూ ఏడ్చేశాను, అంత సిగ్గేసింది.

"నేనేం తప్పు పట్టలేదమ్మా" అన్నాడాయన. "ఎనిమిదేళ్ళు మొహం చూపించనివాడికి అదే సరైన మాట అనుకున్నాను."

ఇక నావల్ల కాలేదు. ఫోను ఆయన చేతిలో పెట్టాను. అవతల అన్నీ వింటూనే ఉందిగా ఆ పిల్ల. "నాన్నా" అని ఒక్కసారి నాకూ వినిపించింది. చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"అమ్మా... నా పేరులో దీర్ఘం ఎగిరిపోయిందే. ఇందాకే చూశాను. పోయినవాడి పేరేగా, ఎలా ఉంటేనేం అని ఊరుకున్నాను" అన్నాడు ఫోనులో. "ఉండు, వెళ్ళి సరిచేయించి వస్తాను."