విమానం మీద ఎరుపు

నర్సప్ప గరుకు కాగితాన్ని నీళ్లలో ముంచి విమానం పక్కభాగాన్ని మళ్లీ రుద్దసాగాడు. అక్కల్‌కోట్ రోడ్డు పక్క బడి మైదానంలో ఏళ్లుగా నిలబడి ఉన్న పాత యుద్ధవిమానం అది. పంద్రాగస్టు దగ్గరికొచ్చింది. తుప్పు గీకి, పైన వెండిరంగు కొట్టి రమ్మని గుత్తేదారు మల్లప్ప పంపాడు.

నర్సప్ప దాజీ పేట్‌లో పుట్టినవాడు. సగం బతుకు మరమగ్గాల మధ్య నిలబడి, దూది ధూళికి రొమ్ము పట్టేస్తే మగ్గం వదిలి కుంచె పట్టాడు. బక్క మనిషి. నాలుగు మెట్లెక్కితే ఆగి ఊపిరి తీసుకోవాలి. దుకాణాల బోర్డులు రాస్తాడు, ఎవరి జోలికీ పోడు.

వెండిరంగు పోయేసరికి కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వలయాలు బయటపడ్డాయి. ఆ పొర గీకితే కింద నీలం చక్రం. అక్కడితో ఆపవచ్చు, కానీ చేయి ఆగలేదు. చక్రం కింద ముదురు నీలం వలయం, నడుమ తెల్లటి బిళ్ల తేలాయి.

బర్మా యుద్ధంలో లారీ నడిపిన ముసలాయన, బడి వాచ్‌మన్ రామచంద్రం, వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఇది ఇంగ్లీషోళ్ల నాటిది. ఇంకింత గీకు, తెలుపు కింద ఎరుపుంటది."

"ఎరుపు ఎందుకు మూసిండ్రు మామా?"

"జపానోని నిషానీ ఎర్ర గుండు. దూరంకెళ్లి చూస్తే మనోడో వాడో తెల్వకపోయేది. మనోళ్లే మనోళ్లను కాలుస్తరని, అన్ని విమానాల మీద ఎరుపు మూయించిండ్రు."

నర్సప్ప చేతిలో కాగితం నిలిచిపోయింది. ఆ యుద్ధం రోజుల్లోనే అతని అన్న పెంటప్ప విమానాల క్యాంపులో రంగుల పనికి పోయాడు. ఒకసారి సెలవు మీద వచ్చి, పొద్దంతా ఎరుపు మూసుడే తన పని అన్నాడు. పేటంతా నవ్వింది. అదేం కొలువు, ఎక్కడో పారిపోయి దాక్కున్నాడన్నారు. తల్లి యమునాబాయి కూడా నమ్మక, తనకైనా నిజం చెప్పమని ఏడ్చింది. పెంటప్ప తెల్లారి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. తల్లి పోయేదాకా ఆ ఇంట్లో అతని పేరు ఎవరూ ఎత్తలేదు.

నర్సప్ప మెల్లగా రుద్దాడు. తెలుపు చెదిరి ఎరుపు కనిపించింది, తడి కాగితం నుంచి బొటనవేలికి అంటింది. అన్నం డబ్బా మూత మీద వేలు పెట్టినవాడు, తినకుండానే దాన్ని విమానం కిందికి జరిపాడు. తర్వాత వెండిరంగు పక్కన పెట్టి, తెల్లరంగు డబ్బా తెరిచి, అన్న మూసినట్టే ఆ ఎరుపును ఒద్దికగా మూశాడు.

నీలం నగర్‌లో ఇల్లు చేరేసరికి భార్య గోదావరి చాట ముందర బీడీలు చుడుతోంది. గడపలో కూర్చుని జరిగిందంతా చెప్పాడు.

"అన్న అబద్ధం చెప్పలే, గోదావరీ."

"అత్త ఇనకుండనే పాయె," అంది ఆమె.

తలూపి, కాసేపు ఒరుగుతానని దగ్గుతూ చాప మీద వాలాడు. పక్కింటి మగ్గాల టకటకలో అతని దగ్గు ఎప్పుడు ఆగిందో గోదావరికి తెలియలేదు. బువ్వకు లేపబోతే చేయి చల్లగా తగిలింది.

మరునాడు రామచంద్రం వచ్చి, విమానం కింద మరిచిపోయిన నర్సప్ప అన్నం డబ్బాను గోదావరి పక్కన పెట్టాడు. లోపల జొన్నరొట్టె విరగకుండా అట్లాగే ఉంది. మూత మీద ఒక బొటనవేలి ముద్ర, ఎర్రగా ఎండిపోయి.