రంగు పట్టేలోపు

లమీస్ కాగితాలు పట్టుకుని ఫాదియా పార్లర్‌కి వెళ్ళడానికి కారణం ఒక్కటే. తలకు రంగు వేసుకున్న ఆడవాళ్ళు మధ్యలో లేచి వెళ్ళలేరు.

అరబ్బు దేశాల్లో ఆడవాళ్ళను ప్రేమించిన ఆడవాళ్ళ చరిత్రను ఒక ప్రొఫెసరమ్మ ఏళ్ళ తరబడి వెతికి రాసింది. ఆ పుస్తకంలోని అరబ్బీ పండితులకే అర్థమవుతుంది. దాన్ని బీరూట్ ఇళ్ళలో మాట్లాడే భాషలోకి మార్చి చిన్న పుస్తకంగా తేవడం లమీస్ పెట్టుకున్న పని. మొదటి అధ్యాయం చదివిన స్నేహితురాళ్ళు బాగుందన్నారు. వాళ్ళంతా యూనివర్సిటీలో చదివినవాళ్ళు. వాళ్ళ మాటతో ఆమెకు తృప్తి కలగలేదు. తన తల్లి నజ్మియ్యా కూర్చుని వింటేనే ఈ పని పనికొచ్చినట్టు అనుకుంది.

కానీ మూడేళ్ళుగా నజ్మియ్యా ఆ పుస్తకం గురించి ఒక్క మాట అడగలేదు. కూతురు ఏం రాస్తోందో ఆమెకు తెలుసు. ఎందుకు రాస్తోందో కూడా తెలుసు. అడిగితే కూతురు తన సొంత సంగతే జవాబుగా చెబుతుంది, అది వినాల్సి వస్తుంది.

గురువారం నజ్మియ్యా రంగు వేయించుకునే రోజు. లమీస్ వెళ్ళేసరికి తల్లి అద్దం ముందు కూర్చుని ఉంది. నెత్తి నిండా రంగు. పక్క కుర్చీలో హజ్ యాత్ర చేసొచ్చిన హాజ్జా ఇన్‌ఆమ్, ఆమె నెత్తినా అదే.

"జుట్టు కత్తిరించుకోడానికొచ్చావా? ఇంకేం మిగిలిందే నీ నెత్తిన?" అంది ఫాదియా.

"చదివి వినిపించడానికొచ్చానక్కా. నాలుగు పేజీలే."

"మా సీరియల్ ఏం కాను?"

"కరెంటు పోయి గంటయింది. నీ సీరియల్ అప్పుడే చచ్చింది. చదవనీ," అంది హాజ్జా.

లమీస్ మొదలుపెట్టింది. సైదా ఊళ్ళో బహీజా అనే మంత్రసాని, ఊద్ అనే తంత్రీవాద్యం వాయించే జుముర్రుద్ ఒకే ఇంట్లో ముప్ఫై ఏళ్ళు కాపురమున్నారు.

"కాపురమా? అద్దె పంచుకున్నారనా?" అంది హాజ్జా.

"కాదు హాజ్జా. కాపురమే."

"అస్తగ్‌ఫిరుల్లా, దేవుడు క్షమించాలి! లేచి వెళ్దామంటే నెత్తిన ఈ బురదొకటి."

"వెళ్ళండి హాజ్జా, నెత్తికి సంచీ కట్టి పంపిస్తా. కింద కూరగాయలవాడు వంకాయనుకుని తూకం వేస్తాడు," అంది ఫాదియా.

అందరూ నవ్వారు. నజ్మియ్యా నవ్వలేదు. అద్దంలో తన ముఖాన్నే చూసుకుంటోంది. లమీస్ అది చూసింది. అయినా ఆపలేదు.

తర్వాతి చోట ప్రొఫెసరమ్మ 'రక్తేతర బంధానికి సమాజమిచ్చిన అనధికార గుర్తింపు' అని రాసింది. లమీస్ దాన్ని ఇలా మార్చుకుంది: బహీజా పోయింది. ఆమె అన్నల భార్యలు వచ్చి పరామర్శ గదిలో ముందు కుర్చీల్లో కూర్చున్నారు. జుముర్రుద్‌కు వంటింటి గుమ్మం పక్కన స్టూలు మిగిలింది. బహీజా చేత పురుళ్ళు పోయించుకున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. ముందు కుర్చీలను దాటి నేరుగా స్టూలు దగ్గరికి వెళ్ళారు. జుముర్రుద్ చెయ్యి పట్టుకుని, పోయినవాళ్ళ సొంతవాళ్ళకు చెప్పే 'నువ్వు క్షేమంగా ఉండాలి' అన్న మాట చెప్పారు. ఆ తర్వాతే కుర్చీల వైపు తిరిగారు.

హాజ్జా కుర్చీలో ముందుకు వంగింది.

"వదినలు ఏమన్నారు?" అని అడిగింది హాజ్జా.

"కాఫీ చల్లారిపోయిందన్నారు."

"అనరూ మరి! మా తోడికోడలు మా అత్త పోయిన రోజున..."

"మీ తోడికోడలి సంగతి మాకు కంఠతా వచ్చు. ఆ పిల్లని చదవనివ్వండి!" అంది ఫాదియా. అప్పుడే కరెంటు వచ్చింది. టీవీ దానంతటదే మోగింది. ఫాదియా వెళ్ళి దాన్ని ఆపేసి వచ్చి, దువ్వెన చేత్తో పట్టుకుని నిలబడింది.

లమీస్ చివరి పేజీ పూర్తిచేశాకే ఫాదియాకు పని గుర్తొచ్చింది.

"అయ్యో, నజ్మియ్యా అక్కా! ఎప్పుడో కడగాల్సింది!"

కడిగేసరికి గోధుమరంగు రావాల్సిన జుట్టు నల్లబడి ఉంది. ఫాదియా క్షమించమంది. నజ్మియ్యా తలగుడ్డ కట్టుకుంది.

తల్లీకూతుళ్ళు వీధిలోకి వచ్చారు. రొట్టెల దుకాణం దాటారు. ఇంకెప్పుడూ తల్లి ముందు చదవకూడదని లమీస్ అనుకుంటోంది.

"ఆ మంత్రసానికి ఆఖరి స్నానం ఎవరు చేయించారమ్మా?" అంది నజ్మియ్యా.

లమీస్ నిలబడిపోయింది. ఆ పుస్తకం గురించి తల్లి అడిగిన మొదటి మాట అది.

"జుముర్రుదే. వదినలు వచ్చేలోపు తలుపు గడియపెట్టి, ఇరుగుపొరుగు ఆడవాళ్ళను తోడు పెట్టుకుని చేయించింది."

"మరి నువ్వు చదివినదాంట్లో అది లేదే?"

"ప్రొఫెసరమ్మ దాన్ని పేజీ అడుగున చిన్నక్షరాల్లో వేసింది. అడుగున ఉన్నవి ఎవరూ చదవరని నేను వదిలేశాను."

"ఒళ్ళు కడిగిన చెయ్యి అడుగునుంటుందేంటే? పైకి తీసుకురా." నజ్మియ్యా సంచీ ఇంకో చేతిలోకి మార్చుకుంది. "వచ్చే గురువారం మీ సల్వా పిన్నిని తీసుకొస్తా. దానికి చెవుడు. గొణక్కుండా గట్టిగా చదువు."

లమీస్ కాగితాన్ని గోడకు ఆనించి, కుర్చీల మాటకు పైన జుముర్రుద్ చేయించిన స్నానం గురించి ఒక వాక్యం రాసింది. నజ్మియ్యా మలుపు దగ్గర ఆగి, ఆమె రాయడం పూర్తయ్యేదాకా చూసింది.