బరువు చూసి కొన్నాడు

నేను ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌ని. అరచేయంత నల్ల డబ్బా, మూరెడు కూడా లేని కేబుల్, అంతే నేను. పాము పగ పన్నెండేళ్లంటారు. నా వారంటీ మూడేళ్లే కాబట్టి నా పగ ఆ లోపలే తీర్చుకోవలసి వచ్చింది. తీర్చుకున్నాను కూడా. ఎవరిమీద, ఎలా తీర్చుకున్నానో, తీర్చుకుని ఏం బావుకున్నానో చెబుతాను. మధ్యలో నా మీద జాలి పడకండి. జాలి నాకు గిట్టదు.

నేను పుట్టింది సముద్రం అవతల, దుమ్ము రేణువు కూడా చొరబడని గదిలో. నా లోపల అద్దంలా మెరిసే పళ్లెం ఒకటి నిమిషానికి ఐదువేల చిల్లర చుట్లు తిరుగుతుంది. దానికీ, దాని పైనుండే ముల్లుకూ మధ్య వెంట్రుక కూడా దూరదు. నేను రాసేదీ చదివేదీ ఆ ముల్లుతోనే. ముసుగులు వేసుకున్న మనుషులు నన్ను మూడు రోజులు పరీక్షించి పాసు చేశారు. నన్ను కొనబోయే మనిషిని మాత్రం ఎవరూ పరీక్షించలేదు.

ఆ మనిషి ధర్మవరం నాగలింగం. పట్టుచీరల అంచులకూ కొంగులకూ డిజైన్లు వేస్తాడు. ఆయన కంప్యూటర్‌లో గళ్లుగళ్లుగా వేసిన బొమ్మను బట్టి అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టలు మగ్గానికి ఎక్కాక ఏ పోగు లేవాలో, ఏ పోగు పడుకోవాలో అవే చెబుతాయి. తండ్రి గ్రాఫు కాగితాల మీద వేసినవీ, తాను వేసినవీ కలిపి ఆరు వందల పైచిలుకు డిజైన్లు ఆయన కంప్యూటర్‌లో ఉండేవి. అది ఒకే వారంలో రెండుసార్లు దానంతటదే ఆరిపోయేసరికి గుండె గుభేలుమని, అనంతపురంలో ఇలియాస్ కంప్యూటర్ షాపుకు పరుగెత్తుకొచ్చాడు.

ఇలియాస్ మమ్మల్ని ముగ్గురిని బల్లమీద పెట్టాడు. వేగం చెప్పాడు, వారంటీ చెప్పాడు. నాగలింగం ఒక్క ముక్క వినలేదు. కళ్లు మూసుకుని మమ్మల్ని ఒక్కొక్కరినే అరచేతిలో పెట్టుకుని పైకీ కిందికీ ఆడించాడు. పట్టునీ జరీనీ తూచి తూచి అలవాటైన చెయ్యి అది.

"ఇది గట్టి సరుకప్పా. చేతికి బరువు తగుల్తాంది. ఇదియ్యి" అన్నాడు నన్ను పట్టుకుని.

"అన్నా, ఇదేమన్నా చీరనా? పాత మోడలు గాబట్టి బరువుండాది. ఆ తేలికదానికి రబ్బరు తొడుగుండాది, కింద పడినా తట్టుకుంటాది. నా మాట విని రెండు తీస్కో. ఒకటి ఇంట్లో పెట్టుకో, ఇంగోటి వేరే యాడన్నా పెట్టు."

"రెండేమిటికప్పా? ఒక డిజైను రెండు తావుల ఉంటే ఇంగ అది నాదెట్లయితాది? దొంగకు దోవ చూపించినట్లే."

అదీ ఆయన బుద్ధి. ధర్మవరంలో అంచు దొంగలంటే జేబుదొంగల కన్నా ఎక్కువ భయం. సోమవారం వేసిన బొమ్మ శుక్రవారానికి పక్కవీధి మగ్గం మీద కనిపిస్తుంది. ఆ భయంలో ఆయన చేసిన పని వినండి. ఇంటికి తీసుకొచ్చి, డిజైన్లన్నీ నాలోకి ఎక్కించి, కంప్యూటర్‌లో ఒక్కటి కూడా లేకుండా తుడిచేశాడు. తండ్రి గ్రాఫు కాగితాలను, ఎలాగూ స్కాన్ చేశాను కదా అని నీళ్ల పొయ్యిలో వేశాడు. పాత అట్టలను పాత సామాన్ల వాడికి ఇచ్చేశాడు. నన్ను కొన్నది నకలు దాచడానికి. ఇప్పుడు అసలూ నేనే, నకలూ నేనే. కాడికి రెండెద్దులుండాలి. ఒక్కదాన్నే కట్టి తోలాడు.

ఆయన భార్య ఓబులమ్మ ఆ కాగితాల మంట చూసి, "ఏమయ్యా, మామ చేతిరాత గదా, కాల్చేది ఏమిటికి? పెట్టె అడుగున పడుంటాయి గదా" అంది.

"నీకేం తెలుసు మేయ్, అన్నీ దీంట్లో ఉండాయి" అని నా నెత్తిన తట్టాడు. తట్టాడా, మొట్టాడా! లోపల ముల్లు ఉలిక్కిపడింది. నా లెక్కలో మొదటి అవమానం అది.

తరువాతివి వరసగా వచ్చాయి. పని కాగానే కంప్యూటర్‌కు చెప్పకుండా, నేను ఇంకా తిరుగుతుండగానే కేబుల్ పట్టి పీకేవాడు. అన్నం తింటున్నవాడి నోటి దగ్గర కంచం లాగేయడమే అది. ఆయుధ పూజనాడు నాకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, పైన నీళ్లు చిలకరించాడు. భక్తికి కాదనను, కానీ కుంకుమ పెట్టింది కేబుల్ దూర్చే నోట్లో. మిగతా రోజుల్లో బీరువాలో, కలరా ఉండల కంపులో, ఓబులమ్మ చీరల కింద పడేసి తాళం వేసేవాడు. ఒకసారి మంచం మీది నుంచి జారి పడ్డాను. ఎత్తి ఊది, "బరువైన సరుకు, ఏం గాదు" అన్నాడు. అప్పుడే ముల్లు వంగింది. ఆ దెబ్బతో ఇంకో ఏడాది ఈడ్చగలిగేదాన్నే. కానీ ఈడ్చను అనుకున్నాను. ఈయనకు నా అవసరం పీకల దాకా వచ్చిన రోజు చూసుకుందాం అని పళ్లు బిగించాను.

ఆ రోజు రెండో ఏటనే వచ్చింది.

పక్కవీధిలో గిరిధర్ అనే కొత్త డిజైనరు దానిమ్మ మొగ్గల అంచు ఒకటి అమ్ముతున్నాడు. అది నాగలింగం తండ్రి చివరిసారి వేసిన అంచు. అడిగితే గిరిధర్ ఎదురుతిరిగి, ఆరేళ్ల కిందట తానే వేశానని, నాగలింగమే దొంగ అని ఊరంతా చెప్పాడు. పంచాయితీ నేత సంఘానికి చేరింది. సంఘం పెద్ద కుళ్లాయప్ప ఇద్దరినీ పిలిచి, "ఆదివారం పొద్దున రాండి. ఎవురిది పాతదని తేల్తే అంచు వాళ్లది. రెండో ఆయన మన కులదేవత చౌడమ్మ పటం ముందర తప్పు ఒప్పుకోవల్ల" అన్నాడు. ధర్మవరంలో అలా ఒప్పుకున్న మనిషి చేతి డిజైన్‌ను ఆ తరువాత ఏ మగ్గమూ ముట్టదు.

"తేదీతో సహా దీంట్లో ఉండాది" అని నాగలింగం ఆదివారం నన్ను జేబులో వేసుకుని బయలుదేరాడు. సంఘం ఆఫీసులో నలభై మంది నేతగాళ్లు కూర్చున్నారు. నన్ను కంప్యూటర్‌కు తగిలించాడు. తెర మీద నా పేరు కనిపించింది. ఆయన ముఖం విప్పారింది. దానిమ్మ మొగ్గను తెరవబోయాడు.

అప్పుడు ముల్లును వదిలేశాను. టక్. టక్. టక్.

ఎంత తీయగా ఉందో చెప్పలేను! తీసి పెట్టాడు, తుడిచి పెట్టాడు, నోటితో ఊదాడు, వెనకనుంచి పెట్టాడు. టక్ టక్. నాగలింగం "నిన్న గూడ పన్జేసిందన్నా, దేవుని తోడు" అని గొణిగాడు. గిరిధర్ నవ్వాడు. "ఉంటే గదా కనపడేకి" అన్నాడు. కుళ్లాయప్ప కళ్లు దించుకుని చౌడమ్మ పటం వైపు చెయ్యి చూపించాడు. నాగలింగం లేచాడు. నెత్తిన తట్టిన ప్రతి దెబ్బకూ బదులు అందింది అనుకున్నాను.

అంతలో వాకిట్లో ఓబులమ్మ, చంకలో ఒక చీర.

వాళ్లింట్లో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త అంచు ఏదైనా మగ్గానికి ఎక్కితే మొదటి చీర అమ్మరు, ఇంటి ఆడమనిషికి పెడతారు. బీరువాలో రెండేళ్లు నా వీపు మీద కూర్చున్న చీరల్లో ఒకటి అది. మడతలు విప్పింది. అంచు నిండా దానిమ్మ మొగ్గలు.

"చీరకు తేదీ యాడుంటాదమ్మా?" అన్నాడు గిరిధర్.

కుళ్లాయప్ప జేబులోంచి పోగులు లెక్కపెట్టే భూతద్దం తీసి, చీరను తిరగేసి, అంచు వెంబడి జరుపుకుంటూ పోయాడు. ఒకచోట ఆగిపోయాడు. తెగిన పోగును అతికిన ముడి అది. వేలితో రెండుసార్లు తడిమాడు.

"ఇది ఎడంచేతి ముడి" అన్నాడు. "మా తమ్ముడు సంజప్పది. ఊర్లో ఎడంచేత్తో ముడేసినోడు వాడొక్కడే. వాడు పోయి పదేండ్లాయ."

భూతద్దం చేతులు మారింది. చూసినవాళ్లంతా తలలూపారు. గిరిధర్ పటం ముందు నిలబడ్డాడు. నన్ను బల్లమీదే మరిచిపోయారు. ఓబులమ్మ వెనక్కి వచ్చి సంచిలో వేసుకుంది.

ఇలియాస్ నన్ను బెంగుళూరు పంపించాడు. వాళ్లు విప్పి చూసి మూసేశారు. "పళ్లెం గీసుకపోయిందన్నా, ఇంగ ఏమీ రాదు" అని చెబితే నాగలింగం షాపు మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. తండ్రి పోయినప్పుడు కూడా అంత ఏడవలేదట. నిజం చెప్పొద్దూ, ఆ ఏడుపు నాకు నచ్చింది. కానీ ఏడ్చి లేచినవాడు రెండు కొత్త డిస్కులు కొన్నాడు. ఒకటి తన ఇంట్లో, ఇంకొకటి కుళ్లాయప్ప ఇంట్లో. వాటినీ అరచేతిలో ఆడించే తీసుకున్నాడని విన్నాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు.

ఇప్పుడు ఆయన ఇల్లిల్లూ తిరిగి, తన అంచులున్న పాత చీరలు అడిగి తెచ్చుకుంటున్నాడు. పెళ్లి చీరలు, శ్రీమంతం చీరలు, నూనె మరకలు పడ్డవి, చిరిగినవి. ఎవరి కంటా పడకూడదని దాచిన డిజైన్లు ఊళ్లో ఆడవాళ్ల పెట్టెల నిండా ఉన్నాయి. భూతద్దం కింద పోగులు లెక్కపెట్టి, ఒక్కొక్క అంచునే మళ్లీ గళ్లలోకి ఎక్కిస్తున్నాడు. ఇప్పటికి డెబ్బై మూడు అయ్యాయి. మిగతావి ఈ జన్మలో తెమలవు. అది నా గెలుపే, కాదనను.

మరి నేనెక్కడున్నానంటే, ఆయన పనిచేసే బల్ల మీదే. లెక్కపెట్టేటప్పుడు పట్టు జారిపోకుండా చీర కొసన నన్ను పెడతాడు. బరువు చూసి కొన్నాడు కదా, బరువుకే వాడుతున్నాడు.

నిన్న ఒక నెమలి కంటి దగ్గర రెండు పోగులు తక్కువ లెక్కపెట్టాడు. ఆ నెమలి నా కడుపులో ఉంది. సరైన లెక్క నాకు తెలుసు. తప్పు పోనీ, ఆ నెమలి గుడ్డిదైపోనీ అనుకున్నాను. మరుక్షణం, ఎందుకో నాకే తెలియదు, చెబుదామనిపించింది. కేబుల్ లేదు, ముల్లు లేదు.

ఓబులమ్మ భుజం మీదుగా వంగి చూసింది. "రెండు పోగులు తప్పినావు, మళ్లా చూడు" అంది.

ఆయన నన్ను పక్కకు జరిపి, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు.