పచ్చతాడు గాలం

ఎవరి పనైనా సరే, మా వదిన తలదూర్చకపోతే ఆ పూట ఆవిడకి తిన్నది అరగదు. మా ఆయన అక్క కదా అని ఓర్చుకుంటాను. సముద్రం ఒడ్డుకి కొట్టుకొచ్చిన వలలు, తాళ్ళు, గవ్వలు ఏరుకొచ్చి మగ్గం మీద గోడంత అల్లికలు నేస్తాను నేను. ఆవిడ వాటిని చెత్త అంటుంది. అంటూనే నాతోపాటు వంగి ఏరుతుంది.

ఈసారి నేసింది చూపులేని పిల్లల బడికి. వాళ్ళు చేతులతో తడిమి చూడాలని నా ఆశ. పొద్దున్నే హాలు మధ్యలో వేలాడదీశాం. వరండాలో పిల్లలు చేతులు కడుక్కుని టీచరు వెనక వరసలో నిలబడ్డారు. సరిగ్గా అప్పుడు అడిగింది వదిన.

"నేను ఏరిన పచ్చతాడుకి మెరిసే గాలం ఉండాలే, తీసేశావా?"

"అన్నిటి మీదా అయస్కాంతం తిప్పాకే నేశాను. అంటుకున్న గాలాలన్నీ తీసేశాను. నాకు పని నేర్పకండి."

ఆవిడ నా సంచిలోంచి అయస్కాంతం తీసి, తన స్టీలు గ్లాసుకి ఆనించింది. అయస్కాంతం అంటుకోకుండా జారి కింద పడింది.

నా బుద్ధి మండ! ఇన్నేళ్ళూ తుప్పు గాలాలే చూసి, తుప్పు పట్టని స్టీలువీ ఉంటాయన్న సంగతే, వాటికి అయస్కాంతం అంటుకోదన్న సంగతే మరిచాను. ఆ పిల్లలకి వేళ్ళే కళ్ళు.

"ఆగండి టీచరుగారూ! అందులో గాలం ఉంది!"

టీచరు తలుపుకి అడ్డంగా నిలబడింది. "అయితే దించెయ్యండి. మాకొద్దు."

"ఇంక చూడనివ్వరా?" అంది వరసలో ముందున్న పాప.

కళ్ళతో వెతికి లాభం లేదు. గవ్వముక్కలన్నీ మెరుస్తూనే ఉన్నాయి. చెయ్యి చాపాను. వదిన నన్ను పక్కకి నెట్టింది.

"జరుగు. నీ చేతులు రేపు మగ్గం మీదుండాలి."

కళ్ళు మూసుకుని, పిల్లలు తడిమేటట్టే, పైనుంచి తడుముతూ వచ్చింది. గవ్వల వరస దాటింది. వల మడతలో, పచ్చతాడు చివర, చెయ్యి ఆగిపోయింది. పెదవి కొరుక్కుంది. పిల్లలు భయపడతారని కిక్కురుమనలేదు.

"దొరికింది. కోసెయ్," అంది మెల్లగా.

ఒక్క పోగు తెగినా ఇల్లు పీకి పందిరేసేదాన్ని, కత్తెరతో ఆవిడ చెయ్యి చుట్టూ పరపరా కోసేశాను. అదృష్టం బాగుండి మొనే దిగింది, లాగితే వచ్చేసింది. గాలం గ్లాసులో టంగుమంది. అరచేతికి టీచరు ఇచ్చిన గుడ్డ కట్టి, పైన మిగిలిన నూలు చుట్టాను. అల్లిక మిగతాదంతా నా చెంపతో రుద్ది చూపించాకే టీచరు అడ్డు తప్పుకుంది.

అల్లిక ఊగకుండా వదిన దాని వెనక నిలబడి, కట్టు కట్టిన చేత్తో కంత దగ్గర పట్టుకుంది. ముందున్న పాప తడుముతూ వచ్చి, నేను కోసిన కంతలో చెయ్యి పెట్టింది.

"ఇదేంటండీ, వెచ్చగా ఉంది? ఇదీ ఇందులోదేనా?"

"అవునమ్మా, అదీ ఇందులోదే. మెల్లగా పట్టుకో," అన్నాను. ఏడుపు ఆగలేదు నాకు.

వదిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.