బాలీ టిక్కెట్టు

మొదటి ఐదు మ్యాచ్‌లూ ఓడిపోయినప్పుడు, ఈ ఏడు మా వర్రాబిన్ ఫుట్‌బాల్ జట్టుకి సెప్టెంబరులో జరిగే ఫైనల్స్ లేవని అందరం తేల్చేసుకున్నాం. తర్వాత ఏం పూనిందో, వరసగా తొమ్మిది గెలిచాం. గురువారం ప్రాక్టీసయ్యాక చూస్తే, క్లబ్బు గోడమీది పట్టికలో మూడో స్థానంలో ఉన్నాం.

"ఇక సెప్టెంబరు మనదేరా!" అన్నాడు కోచ్ డెర్మట్.

గోల్స్ అన్నీ కొట్టే లాక్లన్ తల గోక్కున్నాడు. "ఫైనల్స్ వారానికి బాలీ టిక్కెట్టు కొనేశాను కోచ్. మేలో చవగ్గా దొరికింది."

"సిగ్గులేదట్రా? సొంత జట్టు మీద ఆమాత్రం నమ్మకం లేదా?" డెర్మట్ కేకలకి గోడలు అదిరాయి.

వంటగదిలో సాసేజ్‌లు వేయిస్తున్న ఆయన భార్య మోరీన్ తల బయటికి పెట్టింది.

"అరవకు డెర్మట్. విమానంలో మన సీట్లు వాడి వెనక వరసలోనే."