లండన్ కుర్చీ, అమెరికా సోఫా

సూది రెక్జిన్‌లో దిగి పైకి వచ్చింది. ఏసుపాదం దారాన్ని పళ్ళతో తెంపి, సీటు అంచు వెంబడి బొటనవేలితో నొక్కుకుంటూ పోయాడు. ఎక్కడా ముడత లేదు. ఆటోనగర్‌లోని ఆ షెడ్డులో ఏ కొత్త బస్సు బాడీ తయారైనా లోపలి సీట్లన్నీ అతనే కుట్టాలి. బక్కపలచటి ముసలి మనిషి. వేళ్ళ చివర్లు సూదిపోట్లకు కాయలు కాసి, వేడి గ్లాసు పట్టుకున్నా కాలవు. మాట తక్కువ.

బస్సు ముందువైపు అంతోని టీవీ బిగిస్తున్నాడు. కరెంటు పని అతనిది. అరవై దాటినా జుట్టుకు రంగు, ఇస్త్రీ చొక్కా, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం. టీవీ బిగించాక అన్నం వేళ దాన్ని ఆడించి చూడటం షెడ్డులో ఆనవాయితీ. బిగించినవాడికి నచ్చిన బొమ్మే ఆడుతుంది. ఎవరో ప్రయాణికుడు పాత బస్సులో మరిచిపోయిన పెన్‌డ్రైవ్‌లో రెండు ఇంగ్లీషు సీరియళ్ళు ఉన్నాయి. ఒకటి లండన్‌దనీ ఇంకొకటి అమెరికాదనీ అంతోనీయే తేల్చాడు. ఆ భాష ఇద్దరికీ రాదు. అంతోని ఎప్పుడూ అమెరికాదే పెడతాడు.

అందులో జనం సోఫా మీద పడి దొర్లుతారు, ఏదో అంటారు, కనపడని జనం గొల్లున నవ్వుతారు. వాళ్ళతోపాటు శౌరమ్మ కూడా నవ్వుతుంది. అదీ ఏసుపాదం బాధ.

శౌరమ్మ షెడ్డులకు టీ పోసే మనిషి. మొగుడు పోయి చాలా కాలమైంది. ఏసుపాదానికీ ఇంట్లో ఎవరూ లేరు. ఈ టీవీ బస్సులు రాకముందు ఆమె ఫ్లాస్కు దించి, అతని కుట్టుమిషను పక్కన ఫోము కట్ట మీద కూర్చునేది. పెద్దగా మాటలుండేవి కావు. ఆమె మోకాళ్ళు నొక్కుకునేది, అతను కుట్టుకునేవాడు. ఇప్పుడు నేరుగా బస్సెక్కి అంతోని పక్క సీట్లో కూర్చుంటోంది. ఆ సీటూ తను కుట్టిందే అని తలచుకుంటే కడుపు ఇంకా మండేది. అంతోని చొక్కా మీద అసూయ, అతని పళ్ళ మీద అసూయ. చివరికి ఆ కనపడని జనం మీద కూడా. ఎక్కడో కూర్చుని ఆమెను నవ్వించగలుగుతున్నారు.

అమెరికాది నాసిరకమని ఏసుపాదం తీర్పు. కారణం ఆ సోఫా. ఎంతమంది కూర్చుని లేచినా దానికి గుంట పడదు, చేతుల దగ్గర మాయదు. అది మనుషులు బతికే ఇల్లు కాదు. లండన్‌ది అంతోని పొరపాటున ఒకసారి ఆడించాడు. అందులో ఎప్పుడూ వాన, ఒక ముసలి పోలీసు. ఆయన కుర్చీ చేతులు అరిగి లోపలి పీచు కనిపిస్తోంది. మధ్యలో గుంట, ఒంటి మనిషి గుంట. అంతోని వెంటనే తీసేశాడు గానీ ఏసుపాదం ఆ కుర్చీని మరిచిపోలేదు.

ఆ మధ్యాహ్నం అంతోని టీవీ బిగించి, వైరు చాలక వన్ టౌన్ కొట్లకు వెళ్ళాడు. అన్నం వేళకు రాలేదు; బస్సులో ఏసుపాదం ఒక్కడే ఉన్నాడు. శౌరమ్మ బస్సెక్కి చుట్టూ చూసి అంతోని ఏడని అడిగింది. ఆ అడగడం ఏసుపాదానికి గోరు కింద సూదిలా దిగింది.

“వస్తాడులే. ఇయ్యాళ లండన్‌ది చూద్దామా శౌరమ్మా?”

అంత పెద్ద మాట అతను ఎన్నడూ అడిగి ఎరగడు. ఆమె టీ పోసిచ్చి పక్కన కూర్చుంది.

తెర మీద వాన. ముసలి పోలీసు ఇంటికొచ్చి తడిసిన కోటు తగిలించాడు. టీ కాచుకుని, ఆ కుర్చీలో కూర్చుని తాగాడు. శౌరమ్మ ఆవులించింది.

“ఈళ్ళసలు నవ్వరేంటండీ?”

అతను రిమోటుతో సౌండు పెంచాడు. అంతలో అంతోని వచ్చి మెట్టు మీద నిలబడ్డాడు.

“ఏంది బాబాయ్, సంతాపసభ పెట్టావా? ఇటివ్వు, అమెరికాది పెడతా.”

ఏసుపాదం రిమోటును తొడ కింద దాచుకున్నాడు, మొండి పిల్లాడిలా. తెర మీద ముసలాయన లేచాడు. కప్పు కడిగి బోర్లించాడు. ఒకే ఒక్క కప్పు.

“ఉండవయ్యా అంతోనీ,” అంది శౌరమ్మ, తెర మీంచి చూపు తిప్పకుండా. “ఈయనా గ్లాసు అట్టాగే బోర్లిస్తాడు.”

నిజమే. పామర్రు దగ్గర ఏసుపాదం ఊళ్ళో టీ కొట్టు చూరు కింద, అంటరానివాళ్ళంటూ పేటవాళ్ళ గ్లాసులు వేరుగా ఉండేవి. తాగినవాడే కడిగి బోర్లించాలి. మూడో తరగతితో బడి పోయింది గానీ ఆ పని మాత్రం చేతుల్లోంచి పోలేదు. ఇక్కడ ఎవరూ అడగకపోయినా శౌరమ్మ ఇచ్చిన గ్లాసును కడిగే బోర్లించేవాడు. ఆమె చూస్తోందని ఇన్నేళ్ళూ తెలియదు.

అంతోని ఏదో గొణుగుతూ వెనక సీట్లోకి పోయి కూర్చున్నాడు. ఏసుపాదం తల తిప్పి ఒకసారి చూసుకున్నాడు. హాయిగా అనిపించింది.

ఆ హాయి ఎంతోసేపు లేదు. అంతోనీ శౌరమ్మా దిగుతుంటే మెట్ల దగ్గర అతనేదో అన్నాడు, ఆమె నవ్వింది. అప్పుడు శౌరమ్మ కిటికీ దగ్గరికొచ్చి తలెత్తింది.

“ఏసుపాదం గారూ, మిగతాది రేపు చూద్దాం. నన్నొదిలేసి చూసేయమాకండి.”

“అట్టాగే,” అని బొమ్మను అక్కడికక్కడే ఆపేశాడు. కుళాయి దగ్గర గ్లాసు కడిగొచ్చి కిటికీ అంచున బోర్లించాడు. ఎడమ భుజం పొద్దుటి నుంచీ లాగుతోంది. మిగిలిన సీట్లు తర్వాత కుట్టొచ్చని అదే సీట్లో వెనక్కి వాలాడు.

సాయంత్రం టీకి అంతోని “బాబాయ్” అని కేకేశాడు. బస్సెక్కి ఇంకోసారి, మెల్లగా పిలిచాడు. భుజం మీద చెయ్యి వేసి, చల్లగా తగిలేసరికి తీసేశాడు. తెర మీద ముసలి పోలీసు ఆపిన చోటే ఆగి ఉన్నాడు.

మనుషులొచ్చి అతన్ని దించారు. శౌరమ్మ ఫ్లాస్కు పట్టుకుని అలాగే నిలబడింది. సీట్లోని కొత్త ఫోము మెల్లగా పైకి లేచి, ఎవరూ కూర్చోనట్టే అయిపోయింది. కిటికీ అంచున గ్లాసు మాత్రం బోర్లించినట్టే ఉంది, దాని కింద గుండ్రటి తడి ఇంకా ఆరలేదు.